హిమాలయన్ 411 మీద లద్దాఖ్ క్యాంపింగ్: 63 కిలోల లోడు 41 కిలోలకి ఎలా దిగింది (కేస్ స్టడీ)

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, బీఎస్6 మోడల్. రైడర్ ఒక్కడే, వెనక సీట్లో ఎవరూ లేరు. రూటు హైదరాబాద్ నుంచి ఎన్‌హెచ్ 44 పట్టుకుని నాగ్‌పూర్, ఝాన్సీ, పఠాన్‌కోట్ మీదుగా శ్రీనగర్, అక్కణ్ణుంచి జోజిలా కనుమ దాటి ద్రాస్, కార్గిల్, లేహ్. తిరుగు ప్రయాణం సర్చు, మనాలి వైపు నుంచి. జూలైలో బయల్దేరుతున్నాడు. కింద మైదానాల్లో ఎక్కడ పొద్దుగూకితే అక్కడ లాడ్జి, లద్దాఖ్ లోపలికి వెళ్ళాక మాత్రం వీలైనన్ని రాత్రులు సొంత టెంట్లో, సొంత వంట. ఇదీ ప్లాను.

నా పని బండ్లకి లగేజ్ స్టేలు (బ్యాగులు పట్టే పైపు ఫ్రేములు) తయారుచేసి కట్టడం, లాంగ్ ట్రిప్‌కి పోయేవాళ్ళ సామాను తూచి, సర్ది, లోడు సెట్ చేసి పంపడం. ఈ కేసు పూర్తిగా రాయడానికి కారణం ఒకటుంది. క్యాంపింగ్ లోడు మామూలు టూరింగ్ లోడు లాంటిది కాదు, చాలామంది రెండిటికీ ఒకే రకంగా కట్టేసి బయల్దేరుతున్నారు. హోటల్ ట్రిప్‌లో సామాను రోజుకి ఒక్కసారి, అదీ గదిలో ఫ్యాన్ కింద విప్పుతాం. క్యాంపింగ్‌లో వానలోనో గాలిలోనో చీకట్లోనో, చేతివేళ్ళు పట్టు తప్పిపోయిన చలిలో విప్పాలి, పొద్దున్నే అదే చలిలో మళ్ళీ కట్టాలి. అందుకే నేను లోడు ఎప్పుడూ ట్రిప్‌లో బాగుండే గంటల్ని చూసి కట్టను, అన్నిటికంటే చెడ్డ గంటని మనసులో పెట్టుకుని కడతా.

సోలో రైడర్‌కి ఆ చెడ్డ గంట ఏంటంటే, ఎత్తులో, బురదలో బండి పడిపోయి చుట్టుపక్కల మనిషి లేని గంట. హిమాలయన్ 411 కర్బ్ వెయిట్ (పెట్రోలూ ఆయిలూ పోసిన బండి బరువు, సామాను లేకుండా) 199 కిలోలు. మన దగ్గర పడితే పక్కన టీ బండి వాడైనా పరిగెత్తుకొస్తాడు. సర్చు దగ్గర 4,200 మీటర్ల పైన గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో 60 శాతం దాకానే, అక్కడ షూ లేసులు కట్టుకున్నా ఆయాసం వస్తుంది. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి సోలో రైడర్ చేత లోడు మొత్తం కట్టాక ఒక పని చేయిస్తా: షాపులో పాత పరుపు పరిచి బండిని దానిమీద పడుకోబెట్టి, బ్యాగులు విప్పి, ఒక్కడివే లేపు తమ్ముడూ అంటా. లేపగలిగితేనే లోడు ఓకే అయినట్టు.

వచ్చినప్పుడు పరిస్థితి

ఈ అబ్బాయిది ఖమ్మం దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. బండి బాగా చూసుకుంటాడు, చెయిన్ చూస్తేనే తెలిసిపోయింది. సామాను మాత్రం కొనుక్కుంటూ పోయాడు. వెనక అటూ ఇటూ రెండు అల్యూమినియం బాక్సులు, వెనక క్యారియర్ మీద ఒక టాప్ బాక్స్, దానిమీద బంగీ తాళ్ళతో నలుగురు పట్టే టెంటు, భుజానికి ఒక పెద్ద బ్యాక్‌ప్యాక్. స్టే వేరే ఎక్కడో చేయించాడు, నల్ల పెయింటు వేసిన బరువైన ఇనప పైపు, ఒక మూల వెల్డింగ్ దగ్గర అప్పటికే సన్నటి చీలిక, వేలితో తడిమితేగానీ తెలీట్లేదు. ఆ స్టే మీద సిటీలో తిరగొచ్చేమో, లేహ్-మనాలి దారిలో మోర్ ప్లెయిన్స్ అనే మైదానంలో రోడ్డు తెగిన చోట్ల వచ్చే కుదుపులకి మాత్రం నిలవదు.

మొదట అన్నీ దింపించి నేలమీద పరిచి ఒక్కొక్కటీ కాటా మీద పెట్టాం. స్టే, బాక్సులతో కలిపి 63 కిలోలు. అందులో ఏమున్నాయో కొన్ని చెప్తా: మూడు జీన్స్ ప్యాంట్లు, ఉన్ని దుప్పటి, మూడు లీటర్ల కుక్కర్, గాజు సీసాలో అమ్మ పెట్టిన ఆవకాయ, మడత కుర్చీ, ట్రైపాడ్, ల్యాప్‌టాప్, ఇంట్లో ఉన్న స్పానర్ సెట్టు బాక్సుతో సహా, రెండు స్టవ్‌లు (ఒకటి పాడైతే ఇంకొకటి అని), ఐదు కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు.

తర్వాత బండిని అలాగే కట్టి, రైడర్‌ని గేరంతా తొడుక్కుని కూర్చోమని, రెండు చక్రాల బరువు విడివిడిగా తీశాం. కాటా ఒక చక్రం కింద, అదే ఎత్తు చెక్క దిమ్మె రెండో చక్రం కింద పెట్టాలి, ఎత్తు తేడా ఉంటే లెక్క తప్పుతుంది. జాకెట్టూ బూట్లతో కలిపి అతను 78 కిలోలు. మొత్తం 340 కిలోల్లో ముందు చక్రం మీద 118, వెనక చక్రం మీద 222. అంటే ముందు 35 శాతం కూడా లేదు. ఎడ్లబండిలో బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది చూడండి, ఇదీ అంతే. హైవే మీద కాసేపు నడిపి చూపించమన్నా, తొంభై దాటేసరికి లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే ఆ గాలికి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ ఊగుతోందని తనే చెప్పాడు. అలా ఊగినప్పుడు కంగారుపడి హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకుంటే ఇంకా ఎక్కువవుతుంది, ఇది కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు.

పరుపు మీద పడుకోబెట్టే పరీక్ష కూడా పెట్టా. బాక్సులు ఉన్నపళంగా లేపడం కుదర్లేదు సరే, బాక్సులు తీద్దామంటే పడిన వైపు బాక్సు బండి కింద ఇరుక్కుని లాక్ రావట్లేదు. అదీ అసలు సమస్య. 2,000 రూపాయల బ్యాగైనా 40,000 బాక్సైనా, పడిన బండి మీంచి ఊడి రాకపోతే ఆ క్షణానికి అది బండి బరువులో భాగమే. గట్టి బాక్సులకి లాభాలున్నాయి, లాక్ వేసుకుని గుడి చూడ్డానికి వెళ్ళొచ్చు, వాన అస్సలు లోపలికి రాదు, కాదనను. ఒంటరిగా బురద దారుల్లో పోయేవాడికి మాత్రం నా ఓటు మెత్తటి బ్యాగులకే. పడినప్పుడు కాలు బాక్సు కింద ఇరుక్కునే ప్రమాదం కూడా మెత్తటి బ్యాగుతో తక్కువ.

ఏది తీశాం, ఏది మార్చాం

బరువు తగ్గించడం అంటే అందరూ బట్టలతో మొదలుపెడతారు. నేను వంటతో మొదలుపెట్టా, ఎందుకంటే మనవాళ్ళ లోడులో అనవసరపు కిలోలు అక్కడే ఎక్కువ దాక్కుంటాయి. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు, అక్కడే నీళ్ళు 88 డిగ్రీలకి అటూ ఇటూగా మరిగిపోతాయి, సర్చులో ఇంకా తక్కువకే. కందిపప్పు మామూలు గిన్నెలో గంటలు మరిగినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. అందుకే కుక్కర్ పెట్టుకున్నా అన్నా అన్నాడు, ఆ ఆలోచన తప్పేమీ కాదు, కానీ కుక్కరూ బియ్యం పప్పూ కలిపితే దాదాపు పది కిలోలు. దాని బదులు ఇంట్లోనే నెయ్యిలో వేయించి తాలింపు కలిపిన ఉప్మా రవ్వ, అటుకులు, కంది పొడి, పుట్నాల పొడి, మ్యాగీ, పాలపొడి, బెల్లం. వేయించిన రవ్వకి వేడి నీళ్ళు పోసి మూతపెడితే ఐదారు నిమిషాల్లో మెత్తబడుతుంది. పొడి కలుపుకోవడానికి అన్నం కావాలంటే దారిలో ధాబాలున్నాయి, సీజన్‌లో పాంగ్‌లో, సర్చులో డేరా హోటళ్ళలో పప్పన్నం దొరుకుతుంది. వంట సామాను మొత్తం ఒక చిన్న స్టవ్, ఒక లీటరున్నర గిన్నె మూతతో, ఒక స్పూను, ఒక గ్లాసు.

ఆవకాయ గురించి మాత్రం వాదించలేదు, అమ్మ ఇచ్చింది, పోవాల్సిందే. కానీ గాజు సీసా కాదు. ఇంకో విషయం, కింద గట్టిగా మూత బిగించిన డబ్బా పైకి వెళ్ళేకొద్దీ బయట ఒత్తిడి తగ్గి లోపలి గాలి తన్నుతుంది, చిప్స్ ప్యాకెట్లు బెలూన్ల లాగా ఉబ్బేది అందుకే. నూనె పైదాకా ఉన్న ఆవకాయ డబ్బాని అక్కడ మూత తీస్తే నూనె చిమ్ముతుంది, బ్యాగులో ఉండగానే కారినా ఆశ్చర్యం లేదు. కాబట్టి నూనె వంచేసిన ముద్ద ఆవకాయ, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో ముప్పావు వంతే, మూత కింద పాలిథిన్ కవరు, డబ్బా మొత్తం ఇంకో జిప్ కవర్లో, బట్టలకి దూరంగా. శ్రీనగర్లో ఒకసారి, ద్రాస్‌లో ఒకసారి, లేహ్‌లో ఒకసారి మూత వదులు చేసి మళ్ళీ బిగించమని చెప్పా.

స్టవ్ విషయంలో గ్యాస్ ఏదో చూడాలి. బజార్లో చవగ్గా దొరికే పొడుగు బ్యూటేన్ డబ్బాలు చలికి సరిగ్గా పనిచేయవు, బ్యూటేన్ సముద్ర మట్టంలో మరిగేదే సున్నాకి అర డిగ్రీ కింద, తెల్లవారుజామున చలి బాగా ముదిరితే డబ్బాలో గ్యాస్ ఉన్నా మంట సరిగ్గా రాదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా కావాలి. అయినా సరే రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్ కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకోవడం మంచిది. మంట మాత్రం టెంటు లోపల వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ఎత్తులో ఎలాగూ తలనొప్పి ఉంటుంది కాబట్టి తేడా కూడా తెలీదు. ఇంకోటి, ఈ డబ్బాలు విమానంలోనూ రైల్లోనూ తీసుకెళ్ళడం నిషేధం, బండి మాత్రం రైల్లో పంపి తను ఫ్లైట్‌లో పోయేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి. ఇతను బండి మీదే పోతున్నాడు కాబట్టి ఇబ్బంది లేదు.

టెంటు మార్చాం. నలుగురి టెంటు బరువు కంటే దాని మడత సైజే పెద్ద సమస్య, అడ్డంగా కడితే హ్యాండిల్ కంటే వెడల్పు వస్తోంది. ఇద్దరు పట్టే డోమ్ టెంటు, మూడు కిలోల లోపు, ఒక మనిషికి బ్యాగులతో సహా సరిపోతుంది. ఉన్ని దుప్పటి తీసేసి స్లీపింగ్ బ్యాగ్. కొనేటప్పుడు దాని మీద మూడు ఉష్ణోగ్రతలుంటాయి, కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని. షాపులో పెద్ద అక్షరాలతో కనిపించే మైనస్ అంకె చాలాసార్లు ఎక్స్‌ట్రీమ్‌ది, అది హాయిగా నిద్రపోవడానికి కాదు, ప్రాణం నిలబడ్డానికి. కంఫర్ట్ అంకె చూసి కొనాలి. కింద నేల చలిని ఆపేది బ్యాగు కాదు మ్యాటు, మన ఒంటి బరువుకి కిందివైపు దూది అణిగిపోయి పనిచేయదు. నీళ్ళు పీల్చని ఫోమ్ మ్యాట్ ఇప్పించా, బయట కట్టినా వానకి ఏమీ కాదు.

బట్టలు: ఒంటిమీద రైడింగ్ గేర్ కాక రెండు డ్రై ఫిట్ టీషర్టులు, ఒక ట్రాక్ ప్యాంటు, ఒక జత థర్మల్స్, ఫ్లీస్, మూడు జతల సాక్సులు, తల టోపీ. థర్మల్స్ పడుకోవడానికి మాత్రమే, వాటిని తొడుక్కుని బండి నడపొద్దని గట్టిగా చెప్పా, ఎందుకంటే చెమటకో వానకో అవి తడిస్తే రాత్రికి దిక్కులేదు. జీన్స్ మూడూ ఇంటికి పంపేశాం.

టూల్స్ మాత్రం తగ్గించడానికి తొందరపడను. బాక్సు పక్కన పెట్టి, ఆ బండిలో నిజంగా ఉన్న నట్టు సైజులకి సరిపోయే స్పానర్లు, అలెన్ కీలు మాత్రమే ఏరి గుడ్డలో చుట్టాం. 411 స్పోక్ చక్రాలు, ట్యూబ్ టైర్లు, ముందు 21 అంగుళాలు వెనక 17, కాబట్టి రెండు సైజులూ ట్యూబులు, టైర్ లెవర్లు, చేతి పంపు, ప్యాచులు. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ బ్రేక్ లెవర్లు ఒక్కోటి, చెయిన్ లింక్, ఫ్యూజులు, ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, బైండింగ్ వైరు, జిప్ టైలు. వెనక చక్రం ట్యూబ్ మార్చడం షాపులో నా ముందు ఒకసారి చేయించా. చేతకాని టూలు మోసుకెళ్ళడం దండగ.

ఏది ఎక్కడ

పాత స్టే పీకేసి సన్న పైపుతో కొత్తది కట్టా, నాలుగు కిలోలు తూగింది. బ్యాగులు వీలైనంత కిందకి, వీలైనంత ముందుకి, అంటే పిలియన్ (వెనక కూర్చునే మనిషి) ఫుట్‌రెస్టుల వైపు జరిగేలా. హిమాలయన్ సైలెన్సర్ కుడివైపు పైకి లేచి ఉంటుంది కాబట్టి కుడి బ్యాగు ఎడమదానికంటే బయటికి జరగక తప్పదు. ఇక్కడ చాలామంది రెండు వైపులా సమానం తూచి కట్టేస్తారు. బయటికి జరిగిన బ్యాగు ఎక్కువ లాగుతుంది, అందుకని కుడి బ్యాగులో బరువు తక్కువ పెట్టాలి. మాకు ఎడమ 10 కిలోలు, కుడి 7 దగ్గర బండి నిటారుగా నిలబడింది. కుడివైపు బ్యాగుకీ సైలెన్సర్‌కీ మధ్య అల్యూమినియం రేకు, నాలుగు వేళ్ళ సందు.

ఎడమ బ్యాగు అడుగున టూల్సు, ట్యూబులు, స్పేర్లు. వాటిపైన స్టవ్, గ్యాస్, తిండి. గ్యాసూ తిండీ సైలెన్సర్ వైపు అస్సలు వద్దు. కుడివైపు బట్టలు, మందుల పెద్ద పొట్లం, చార్జర్లు. ప్రతి బ్యాగు లోపలా మందపాటి వాటర్‌ప్రూఫ్ లైనర్ (లోపలి సంచి), మూతి మూడు మడతలు. పైన తొడిగే రెయిన్ కవర్ని నేను నమ్మను, హైవే గాలికి ఎగిరిపోవడమో వెనక చక్రంలో పడడమో రెండిట్లో ఒకటి జరుగుతుంది.

పిలియన్ సీటు మీద పొడవాటి రోల్ బ్యాగు, 11 కిలోలు. సీటు ఉన్న చోటు వెనక యాక్సిల్‌కి (చక్రం ఇరుసుకి) ముందుంటుంది కాబట్టి అక్కడ పెట్టిన బరువు ముందు చక్రానికి కూడా కొంత పోతుంది. అదే బరువు వెనక క్యారియర్ మీదకి జరిగితే ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. కాబట్టి క్యారియర్ మీద ఫోమ్ మ్యాట్ ఒక్కటే, అర కిలో. టాప్ బాక్స్ ఇంటికి. రోల్ బ్యాగులో అన్నిటికంటే పైన టెంటు, దాని కింద ఒకే సంచిలో రాత్రికి కావాల్సినవన్నీ: స్లీపింగ్ బ్యాగ్, థర్మల్స్, హెడ్‌ల్యాంప్, సాక్సులు. వానలో ఆగితే బ్యాగు మూతి విప్పి టెంటు ఒక్కటి లాగి, మూసేసి, టెంటు వేసుకున్నాక రాత్రి సంచితో లోపలికి దూరిపోవాలి, మిగతా బ్యాగులు తెల్లారేదాకా ముట్టుకోనక్కర్లేదు. తడిసిన టెంటుని మాత్రం పొద్దున మళ్ళీ రోల్ బ్యాగులో కుక్కకుండా పైన విడిగా కట్టుకోవడానికి ఒక మెష్ సంచి, రెండు స్ట్రాపులు ఇచ్చా.

ట్యాంక్ బ్యాగులో రెండున్నర కిలోలు, కాగితాలు, పవర్ బ్యాంక్, ఓఆర్ఎస్, రోజూ కావాల్సిన మందులు, చిన్న టార్చి, గ్లవ్స్. 411లో ట్యాంకుకి అటూ ఇటూ ఇనప ఫ్రేము ఉంటుంది, అది ఈ బండికి ఉన్న గొప్ప సదుపాయం. ఎడమవైపు ఐదు లీటర్ల పెట్రోల్ క్యాన్, కుడివైపు ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్. రెండూ రంగు వేరు, మూతలు వేరు, చీకట్లో కూడా చేతికి తేడా తెలియాలి. పెట్రోల్ క్యాన్ ఎప్పుడూ నింపుకుని తిరగక్కర్లేదు. లేహ్ నుంచి మనాలి వైపు వచ్చేటప్పుడు కారు అనే ఊరి దగ్గర పంపు దాటితే మళ్ళీ తాండీ ఊరి దాకా పంపు మీద నమ్మకం పెట్టుకోకూడదు, మూడొందల కిలోమీటర్ల పైనే. ట్యాంకు 15 లీటర్లు, లీటరుకి 25 వేసుకున్నా 375 వస్తుంది, అంటే కత్తి మీద సాము, కాబట్టి కారు ఊళ్ళో క్యాన్ నింపుకుంటే నిశ్చింత. మిగతా దారంతా ఖాళీగానే పోవచ్చు.

బ్యాక్‌ప్యాక్ పూర్తిగా వద్దన్నా. భుజాల మీద ఎనిమిది కిలోలు పెట్టుకుని రోజంతా కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, పడితే వెన్ను మీద పడుతుంది.

ప్రతి బ్యాగులో ఐదో వంతు ఖాళీ వదిలాం. ఇది చెప్తే అందరూ ముఖం అదోలా పెడతారు. ఇంట్లో మోకాలితో నొక్కి జిప్ వేసిన బ్యాగు సర్చులో పొద్దున ఆరు గంటలకి మూతపడదు, వేళ్ళు పనిచేయవు, స్లీపింగ్ బ్యాగ్ అంత చిన్నగా చుట్టడం రాదు.

కట్టడానికి బంగీ తాళ్ళు వాడలేదు. రబ్బరు సాగుతుంది, సామాను గెంతుతుంది, కొక్కెం ఊడి కంటికి తగిలితే పోయేది కన్ను. బకిల్ ఉన్న వెడల్పు స్ట్రాపులు, ప్రతిదీ బండి ఫ్రేముకో స్టేకో కట్టాలి, ప్లాస్టిక్ భాగానికి కాదు, ఇంకో బ్యాగుకి కాదు. మిగిలిన కొసలు మడిచి రబ్బరు బ్యాండు వేయాలి, వేలాడే కొస చెయిన్‌లో పడితే వెనక చక్రం బిగుసుకుపోతుంది. బయల్దేరిన ఇరవై కిలోమీటర్లకి ఆగి అన్నీ మళ్ళీ బిగించాలి, మెత్తటి సామాను అప్పటికి అణిగి స్ట్రాపులు వదులవుతాయి. రోజూ అంతే.

ఆఖర్న స్టేతో కలిపి 41 కిలోలు. మొత్తం 318, ముందు చక్రం మీద 132, వెనక 186. ముందు 41 శాతం పైన. వెనక షాక్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) పెంచాం, టైర్లలో గాలి మాన్యువల్లో పిలియన్‌తో పోయేటప్పటికి ఇచ్చిన లెక్క ప్రకారం, చెయిన్ బిగువు లోడు కట్టి మనిషి కూర్చున్నాక చూశాం (షాక్ కిందకి దిగితే చెయిన్ బిగుస్తుంది, ఖాళీ బండికి చూసి టైట్ చేస్తే గుంతలో పడ్డప్పుడు లాగేస్తుంది), హెడ్‌లైట్ కిందకి దించాం. పరుపు మీద పడుకోబెట్టాం. రెండు బకిల్స్ లాగితే రోల్ బ్యాగు, రెండు లాగితే పైనున్న వైపు బ్యాగు వచ్చేశాయి. వీపు బండి వైపు తిప్పి, సీటుకి ఆనించి, కాళ్ళతో తోస్తూ లేపాడు. ముఖం వెలిగిపోయింది.

ఆ వారాంతం అనంతగిరి కొండల వైపు ఒక రాత్రి పంపా, అదే లోడు, అదే గేరు, తిండి కూడా అదే. టెంటు పెగ్గులు (నేలలో దిగ్గొట్టే మేకులు) కొట్టడానికి రాయి వెతుక్కోవడం, హెడ్‌ల్యాంప్ సంచి అడుగున పడిపోవడం లాంటివి అక్కడే తేలాయి, హెడ్‌ల్యాంప్ ట్యాంక్ బ్యాగులోకి మారింది.

దారిలో

నిర్మల్ దాటాక మొదలైన వాన నాగ్‌పూర్ దాకా వదల్లేదట. రైడర్ తడిశాడు, సామాను తడవలేదు. శ్రీనగర్ చేరాక ఫోన్ చేశాడు, పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకెళ్ళమని చెప్పింది మంచిదైంది, బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్, లద్దాఖ్‌లో పనిచేయవు.

జోజిలా మీద అనుకున్నదే జరిగింది. మంచు నీళ్ళూ వానా కలిసి గచ్చకాయ రంగు బురద, ట్రక్కుల గాడిలో ముందు చక్రం జారి ఎడమవైపు పడ్డాడు. వేగం లేదు, దెబ్బ తగల్లేదు. వెనక ట్రక్కులు హారన్ కొడుతున్నాయి. కంగారులో ఎత్తబోయి, మళ్ళీ గుర్తొచ్చి, ఇంజిన్ ఆపి, రోల్ బ్యాగూ కుడి బ్యాగూ లాగి పక్కన పడేసి, గేరులో ఉంచి, ఒక్కడే లేపాడు. మెత్తటి బ్యాగు కింద పడి ఉండడం వల్ల బండి పూర్తిగా నేలకి వాలలేదు, లేపడానికి అదీ కలిసొచ్చింది. ఎడమ బ్యాగు బయటి గుడ్డ ఒక మూల చిరిగింది, లైనర్ బాగానే ఉంది. ట్రక్కు డ్రైవర్ ఒకాయన దిగొచ్చేసరికి బండి నిలబడి ఉందట. ఆయన బ్యాగులు అందించాడు.

పైన టెంటు దగ్గర రెండు విషయాలు ఎదురయ్యాయి. మధ్యాహ్నం తర్వాత గాలి విపరీతం, ఇసుక నేలలో పెగ్గులు ఊరికే ఊడి వచ్చేస్తున్నాయి. నేను నాలుగు ఖాళీ సిమెంటు సంచులు పెట్టించా, వాటిలో రాళ్ళు నింపి టెంటు తాళ్ళు వాటికి కట్టుకున్నాడు. బరువు దాదాపు సున్నా, పని మాత్రం పెద్దది. రెండోది గ్యాస్, రాత్రి పక్కలో పెట్టుకున్న రోజు వెంటనే వెలిగింది, బయట వదిలేసిన పొద్దున చాలాసేపు సతాయించిందట.

మోర్ ప్లెయిన్స్ దాటి పాంగ్‌లో ఆగినప్పుడు స్టే వెనక బోల్టు ఒకటి లేదు. మిగతావాటికి లాక్ నట్లున్నాయి, ఆ ఒక్కచోట సైలెన్సర్ బ్రాకెట్ అడ్డొచ్చి లాక్ నట్టు పట్టక మామూలు నట్టుకి థ్రెడ్ లాకర్ (నట్టు వదులవకుండా పూసే జిగురు) పూసి బిగించా, వేడికీ వణుకుకీ అది వదిలేసింది. రోజూ సాయంత్రం స్టే బోల్టులు చేత్తో తిప్పి చూడమని కాగితం మీద రాసిచ్చా కాబట్టి అదే రోజు పట్టుకున్నాడు, స్పేర్ బోల్టుల పొట్లంలోంచి 8 ఎంఎం బోల్టు తీసి ఐదు నిమిషాల్లో బిగించేశాడు. చూడకపోయి ఉంటే లాచుంగ్‌లా కనుమ ఎక్కేలోపు మిగిలిన బోల్టుల మీద భారం పడి పైపే విరిగేది.

బారాలాచాలా కనుమ కింద వాగులు పొద్దున్నే దాటేయమన్నా. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, మధ్యాహ్నానికి అదే వాగు మోకాలి పైకి వస్తుంది. సర్చు నుంచి తెల్లారగానే బయల్దేరాడు, బ్యాగుల అడుగులు కూడా తడవలేదు.

తిరిగొచ్చాక

వచ్చిన వారం బండి సర్వీసుకి తెచ్చాడు, సామానూ తెమ్మన్నా. మూడు కుప్పలు వేయించా: రోజూ వాడినవి, ఒకట్రెండు సార్లు వాడినవి, అసలు ముట్టుకోనివి. టూల్సూ మందులూ ఈ లెక్కలోకి రావు, అవి వాడకపోతేనే సంతోషం. ముట్టుకోని కుప్ప నాలుగు కిలోల పైనే వచ్చింది. ల్యాప్‌టాప్ మొత్తం ట్రిప్‌లో తెరవలేదు, బతిమాలి పెట్టించుకున్న ట్రైపాడ్ కూడా అందులోనే ఉంది, తిండిలో మ్యాగీ సగం మిగిలింది. రవ్వ మాత్రం అయిపోయింది, ఇంకో కిలో ఉన్నా బాగుండేది అన్నా అన్నాడు. ఆవకాయ డబ్బా కడిగి తెచ్చాడు, ఒక్క చుక్క కారలేదట.

లేక ఇబ్బందిపడినవి కూడా అడిగి రాసుకున్నా. వాగు దాటాక తడి బూట్లు ఆరేలోపు వేసుకోవడానికి తేలికపాటి చెప్పులు లేవు. గ్లవ్స్ లోపల వేసుకునే పల్చటి ఉన్ని గ్లవ్స్ లేవు, టెంటు జిప్పులూ బకిల్సూ మందపాటి రైడింగ్ గ్లవ్స్‌తో తీయడం కుదరక ప్రతిసారీ చేతులు బయటపెట్టాల్సి వచ్చింది. ఈ రెండూ కలిపి అర కిలో కూడా ఉండవు.

స్టే ఊడదీసి ప్రతి వెల్డింగూ చూశా, చీలికలు లేవు. కుడివైపు రేకు దగ్గర రంగు మాడింది, అంతే. వెనక బోల్టు చోట ఇప్పుడు బ్రాకెట్ కొంచెం కోసి లాక్ నట్టు పట్టేలా చేశా, ఇకపై 411కి కట్టే ప్రతి స్టేకీ అలాగే చేస్తున్నా. ఇతను వచ్చే ఏడాది స్పితి అంటున్నాడు, కాజా వైపు, అదే బండి, అదే స్టే. ఈసారి లిస్టు 36 కిలోల దగ్గర మొదలవుతోంది, చెప్పులూ గ్లవ్సూ కలిపి.